పెట్టె సాక్ష్యం

నల్ల తోలుగుడ్డ అంటించిన చిన్న పెట్టె. మూత మీద వెండిగీతతో శిలువ ఆకారం. బొత్తాం నొక్కితే మూత లేస్తుంది. లోపల మఖమల్ గుంటల్లో ఒక ఐరన్ క్రాస్, దాని పక్కన మరో రెండు మూడు పతకాలు, రిబ్బన్లతో సహా. ఇలాంటి జర్మన్ సైనిక పతకాల పెట్టెను బల్ల మీద పెట్టి, అసలుదా నకిలీదా అని అడిగేవాళ్ళు తాము ఒకే ప్రశ్న అడుగుతున్నామనుకుంటారు. నిజానికి అందులో మూడున్నాయి. ఈ లోహం చెబుతున్న కాలంలోనే పతకంగా తయారైందా? ఈ పెట్టె, ఈ పతకాలు మొదటినుంచీ కలిసే ఉన్నాయా? ఎవరి పేరు చెబుతున్నారో ఆ మనిషికే వీటిని ఇచ్చారా? మొదటిదానికి భూతద్దం చాలావరకు జవాబు చెబుతుంది. రెండోదానికి మఖమల్ కొంత చెబుతుంది. మూడోదానికి కాగితం తప్ప వేరే సాక్షి లేదు. అయినా చూసేవాడి మనసును అన్నిటికన్నా ముందు పట్టేసేది పెట్టే. పైన పటారం లోన లొటారం అన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు. సాక్ష్యంగా చూస్తే ఈ సరంజామా మొత్తంలో బలహీనమైంది పెట్టేనని నా వాదన. అది ఎంత చక్కగా కుదిరితే అంత ఎక్కువగా అనుమానించాలి.

ఈ ప్రశ్నలు మద్రాసు ఉత్తర శివారున ఉన్న మనలిలో ఎందుకు వేసుకోవాలి, ఆ ఊరికీ జర్మన్ పతకాలకూ ఏమిటి సంబంధం అంటే, మొదటి జవాబు చమురు. మనలి అనగానే ఇవాళ గుర్తొచ్చేవి రిఫైనరీ పొగగొట్టాలు, ఎరువుల ఫ్యాక్టరీ, బారులు తీరిన ట్యాంకర్ లారీలు. 1965లో మద్రాస్ రిఫైనరీస్ ఏర్పడి, 1969లో పని మొదలయ్యాక ఊరి రూపే మారింది. అంతకు 55 ఏళ్ళ ముందు ఈ తీరంలో చమురు నిలవ ఉండేది రేవు పక్కనే, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల్లో. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిది దాటాక జర్మన్ క్రూయిజర్ ఎమ్డెన్ చడీచప్పుడు లేకుండా వచ్చి, సర్చిలైట్లు వేసి, ఆ ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. పది నిమిషాలు, అటూ ఇటుగా 130 గుళ్ళు. చమురు అంటుకుంది, రేవులో ఉన్న ఒక వర్తక నౌక దెబ్బతింది, మనుషులు పోయారు. మర్నాటి నుంచి జనం మూటా ముల్లే సర్దుకుని ఊరు విడిచారు. హైకోర్టు ప్రహరీ దగ్గర ఆ దాడి గుర్తుగా ఒక ఫలకం ఇప్పటికీ ఉంది. చెన్నపట్నం తమిళంలో ఎమ్డెన్ అన్న మాటే ఘటికుడికీ, లొంగనివాడికీ పేరైపోయింది. ఒక ఓడ పేరు భాషలో అంతగా స్థిరపడిన చోట, ఆ ఓడ తాలూకు వస్తువు ఏది కనబడినా నమ్మాలనిపిస్తుంది. పరీక్ష మొదలు కావలసింది సరిగ్గా అక్కడే.

ఎమ్డెన్ దాడినాటి ఐరన్ క్రాస్ అని చెప్పి ఎవరైనా మద్రాసులో ఒక పతకాన్ని చూపించారనుకుందాం. దాన్ని చేతిలోకి తీసుకోనక్కర్లేకుండానే తీర్పు చెప్పవచ్చు. ఐరన్ క్రాస్‌ను ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1813లో నెపోలియన్ మీద యుద్ధం కోసం నెలకొల్పాడు. అది శాశ్వతమైన బిరుదు కాదు. యుద్ధం వచ్చినప్పుడల్లా కొత్తగా శాసనం చేసి ప్రాణం పోసేవారు. 1870లో ఒకసారి, 1914లో ఒకసారి, 1939లో ఇంకోసారి. అందుకే శిలువ కింది చేతి మీద ఆ సంవత్సరం ఉంటుంది. 1914 శాసనం తేదీ ఆగస్టు 5. ఎమ్డెన్ చైనా తీరంలోని సింగ్‌టావ్ రేవును చివరిసారి విడిచింది ఆగస్టు 6న. బెర్లిన్‌లో జర్మన్ చక్రవర్తి కైజర్ సంతకం చేసిన మరునాడు చైనాలో ఉన్న ఓడలోకి ఆ శిలువ ఎలా చేరుతుంది? ఆ తర్వాత ఆ ఓడ జర్మనీకి తిరిగి వెళ్ళనేలేదు. మద్రాసులో దాని మనిషి ఒక్కడూ ఒడ్డున కాలు పెట్టలేదు. దాదాపు మూడు కిలోమీటర్ల దూరం నుంచి కాల్చి వెళ్ళిపోయారు. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ చేతిలో ఓడ పనైపోయింది. కైజర్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌కూ, సిబ్బందికీ ఐరన్ క్రాస్‌లు ప్రకటించింది నిజమే. కానీ బతికినవాళ్ళలో ఎక్కువమంది చేరింది మాల్టాలోని ఖైదీల శిబిరానికి. పట్టుబడిన ఓడను నడుపుతూ విడిపోయిన కొందరు సింగపూర్‌లో బందీలయ్యారు. కోకోస్‌లో ఒడ్డుకు దిగి తప్పించుకున్న బృందం ఒక పాత తెరచాప ఓడలో సుమత్రాకూ, అక్కడినుంచి ఇంకో ఓడలో అరేబియాకూ సాగింది. వీటిలో ఏ దారీ మద్రాసు మీదుగా పోలేదు. తేదీలు చెప్పే ఈ సాక్ష్యాన్ని ఏ కంసాలీ మార్చలేడు.

ఇదే తేదీల పరీక్ష ఇంకో పెద్ద కథను కూడా పడగొడుతుంది. తిరువనంతపురంలో పుట్టి జర్మనీలో భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసిన చెంబకరామన్ పిళ్ళై ఎమ్డెన్ మీదే ఉన్నాడనీ, మద్రాసు మీద దాడికి దారి చూపింది ఆయనేననీ ఎన్నో చోట్ల అచ్చయింది. ఆ దాడి జరిగిన సెప్టెంబరులో ఆయన స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఒక భారతీయ కమిటీ నడుపుతూ, బెర్లిన్‌తో మంతనాలు సాగిస్తున్నాడు. ఓడేమో యుద్ధం మొదలయ్యేనాటికే తూర్పు సముద్రంలో ఉంది. మనిషి ఒక ఖండంలో, ఓడ ఇంకో ఖండంలో. ఆయన దేశభక్తికి ఈ కథ అవసరం లేదు. ఆయన చేసిన పని చాలు. కానీ ఒక కథ వందసార్లు అచ్చయ్యాక దానికి తగ్గ వస్తువు కోసం గిరాకీ పుడుతుంది, గిరాకీ పుట్టాక వస్తువు పుట్టడం ఎంతసేపు? నకిలీ పతకం వల్ల అసలు నష్టం కొన్నవాడి డబ్బు పోవడం కాదు. అప్పటిదాకా మాటగా ఉన్న అబద్ధానికి లోహపు ఒళ్ళు దొరకడం.

ఎమ్డెన్ పేరుతో నిజంగా ఉన్న పతకం ఒకటుంది, అది జర్మనీది కాదు. ధ్వంసమైన ఓడలోంచి ఆరువేలకు పైగా మెక్సికో వెండి డాలర్లు బయటపడ్డాయి. తూర్పు రేవుల్లో బొగ్గు, తిండి కొనడానికి చెల్లే నాణెం అదే. యుద్ధం జరుగుతుండగానే సిడ్నీ నగరంలో కెర్ అనే నగల వ్యాపారి వాటిలో సుమారు వెయ్యి నాణాలకు పైన కిరీటం, తేదీ, రెండు ఓడల పేర్లు ఉన్న తొడుగు బిగించి పతకాలుగా మార్చాడు. సిడ్నీ నౌక సిబ్బందికి వాటిని పంచారు, మిగిలినవాటిలో కొన్ని జనానికి అమ్మారు. అసలు, నకిలీ అన్న మాటలు ఎంత జారుడువో ఈ ఒక్క పతకం చెబుతుంది. అందులో నాణెం నూటికి నూరుపాళ్ళు అసలుది కావచ్చు, తొడుగు నిన్నటిది కావచ్చు. మెక్సికో డాలర్లు లక్షల్లో దొరికేవి. కనుక మోసగాడు నాణాన్ని పోతపోయనక్కర్లేదు, పైన తగిలించే చిన్న ముక్క ఒక్కటి చేసుకుంటే చాలు. వెండి పరీక్షలో నెగ్గుతుంది, తూకంలో నెగ్గుతుంది, కథలో మాత్రం అబద్ధం. లోహం నిజం చెప్పినంత మాత్రాన పతకం నిజం చెప్పినట్టు కాదు.

ఇప్పుడు పెట్టె సంగతి. జర్మన్ సైన్యం మనిషికి పతకాలన్నీ ఒకేసారి ఒక పెట్టెలో సర్దిచ్చిన ఆచారం లేదు. రెండో తరగతి ఐరన్ క్రాస్ ముందు వస్తుంది, మొదటి తరగతిది ఆ తర్వాత నెలలకో ఏళ్ళకో. రెండో ప్రపంచయుద్ధంలో రెండో తరగతి శిలువ మామూలుగా కాగితపు సంచిలో వచ్చేది, తొలినాళ్ళలో కొన్నిటికి పెట్టెలు ఉన్నా. పిన్నుతో చొక్కాకు గుచ్చుకునే మొదటి తరగతిదానికే గట్టి పెట్టె. 1941-42 చలికాలం రష్యాలో గడిపినందుకు ఇచ్చిన పతకం 1942 మేలో పుట్టింది, అదీ కాగితపు సంచిలోనే. మొదటి యుద్ధంలో పనిచేసినవాళ్ళకు జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పేరు మీద వచ్చిన గౌరవ శిలువ యుద్ధం అయిపోయిన 16 ఏళ్ళకు, 1934లో, దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు దక్కింది. అందులోనూ మూడు రకాలు. పోరాడినవాళ్ళకు కత్తులున్నది, పోరాడనివాళ్ళకు కత్తుల్లేనిది, చనిపోయినవాళ్ళ భార్యలకూ తల్లిదండ్రులకూ నల్లటిది. కనుక 1914 శిలువా, 1934 శిలువా, 1942 పతకమూ పక్కపక్కనే సరిగ్గా వాటి కొలతకు తవ్విన గుంటల్లో కూర్చున్న ఒకే పెట్టె కనబడితే, దాన్ని ప్రభుత్వం ఇచ్చి ఉండదు. కుటుంబం తర్వాత చేయించుకుని ఉండాలి, లేదా అమ్మేవాడు. అదే పెట్టెలో కత్తులున్న శిలువ పక్కన నల్లటి వితంతు శిలువ కూడా ఉంటే, ఆ సైనికుడు బతికి దరఖాస్తు పెట్టాడా, చచ్చిపోతే భార్య పెట్టిందా అని అడగాలి. రెండూ ఒకే ఇంట్లో ఉండటం అసాధ్యం కాదు, తమ్ముడిదొకటీ వదినదొకటీ కావచ్చు. అలాంటప్పుడు ఒక మనిషి పెట్టె అన్న మాట మానెయ్యాలి. రిబ్బన్ కూడా అంతే. 1914 శిలువకు నలుపు తెలుపు రిబ్బన్, 1939 దానికి మధ్యలో ఎరుపు. పాత శిలువకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది ఎవరో చేతికందినది తగిలించడమే. సెట్టు పూర్తిగా ఉండటాన్ని గుణంగా చెప్పి ధర పెంచుతారు. చరిత్ర తెలిసినవాడికి ఆ పూర్తితనమే మొదటి అనుమానం.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి చాలానే ఉన్నాయి. అసలు ఐరన్ క్రాస్ మూడు ముక్కల పని. మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దానికి ముందూ వెనకా వెండి చట్రం సగాలు, అంచున టంకం. అయస్కాంతం పెడితే మధ్య భాగం అంటుకోవాలి. అంటుకోనివి కూడా ఆ కాలంలో కొన్ని తయారయ్యాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షతో కొట్టిపారెయ్యకూడదు. చట్రం లోపలి వైపు పూసగొలుసులాంటి వరస ఉంటుంది. భూతద్దం కింద అచ్చుతో కొట్టిన పతకంలో ఆ పూసలు దేనికది విడిగా, మూలల్లో పదునుగా కనిపిస్తాయి. పోతపోసిన నకలులో అవి కరిగిన బెల్లంలా ఒకదానిలోకి ఒకటి జారి ఉంటాయి, అక్కడక్కడా గాలిబుడగల గుంటలు. తుప్పును చూడటం ఇంకా సరదా. మనలి, ఎన్నూరు గాలిలో ఉప్పుంది. ఇక్కడి ఇళ్ళలో కిటికీ ఊచలకు పట్టే గతే ఇనుప పలకకూ పడుతుంది. నిజమైన తుప్పు రంగు కిందనుంచి పుడుతుంది. చట్రం మూలల్లో తేమ ఆగిన చోట మొదలై, నల్లరంగును పొక్కులా పైకి లేపి, ఆ తర్వాత పగలగొడుతుంది. ఉప్పునీళ్ళో ఆమ్లమో పూసి ముసలితనం తెచ్చిన పతకంలో తుప్పు రంగు మీద కూర్చుంటుంది, అన్నివైపులా సమానంగా, పూతలాగ. ఇక మఖమల్. పిన్ను ఉన్న శిలువ దశాబ్దాలు ఒకే గుంటలో కూర్చుంటే పిన్ను కీలు దగ్గర గుడ్డ అణిగి గట్టిపడుతుంది, లోహపు చిలుము మరక సరిగ్గా ఆ ఆకారంలోనే దిగుతుంది. ఆ నొక్కు ఒకచోట, ఇప్పుడున్న పిన్ను ఇంకోచోట ఉన్నాయంటే, పెట్టె పాతదే, పతకమూ పాతదే కావచ్చు, పెళ్ళి మాత్రం కొత్తది. రిబ్బన్‌ను అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే కొత్త దారం నీలంగా మెరుస్తుందంటారు. నిజమే, కానీ ఇంటావిడ ఆ పాత రిబ్బన్‌ను ఏ డిటర్జెంట్‌లోనో ఒకసారి జాడించినా అలాగే మెరుస్తుంది.

ఇక్కడికి జర్మన్ పతకాలు రావడమే అనుమానించదగ్గ విషయం అని కొందరంటారు. అది అతి. దారులు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ జర్మన్లతో తలపడిన నాలుగో భారత డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ కంపెనీలు ఉన్నాయి. తమిళులూ తెలుగువాళ్ళూ కలిసి పనిచేసిన దళం అది. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతర మీద పడి తోటివాళ్ళను కాపాడి ప్రాణం వదిలిన సుబేదార్ సుబ్రమణ్యం ఆ దళంవాడే, కాంచీపురం ప్రాంతంవాడు. ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. అలాంటి చోట్ల ఖైదీల దగ్గరినుంచీ, శవాల మీదినుంచీ పతకాలు తీసుకోవడం అన్ని సైన్యాల్లోనూ జరిగిందే. అయితే ఇటలీ బంకర్‌లో దొరికింది జేబులో పట్టే ఒక శిలువ. మఖమల్ పెట్టె కాదు. యుద్ధరంగానికి ఎవరూ పెట్టె మోసుకెళ్ళరు. అది ఇంటి దగ్గర భార్య బీరువాలో ఉంటుంది. కనుక సిపాయి తెచ్చాడన్న కథతో వచ్చే ఒంటరి, గీతలుపడిన, రిబ్బన్ లేని శిలువను నేను తొందరగా నమ్ముతాను. అదే కథతో వచ్చే నిగనిగలాడే పెట్టెను నమ్మను. మూర్ మార్కెట్‌లో కొన్నదన్న మాట కూడా మద్రాసులో తరచుగా వినిపించదగ్గదే. 1900లో తెరిచి, 1985లో కాలిపోయిన ఆ బజారులో దొరకని పాత సామాను లేదు. కానీ కాలిపోయిన బజారుకు రసీదు అడగలేం. ఆ మాట అబద్ధమని రుజువు చెయ్యలేకపోవడం అది నిజమనడానికి రుజువు కాదు.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ ఒకచోట చేతులెత్తేస్తాయి. అది మనకు అన్నిటికన్నా దగ్గరి జర్మన్ పతకం, ఆజాద్ హింద్ పతకం. సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉండగా 1942లో వీటిని నెలకొల్పాడు. షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్, షహీద్-ఎ-భారత్ అని శ్రేణులు. పోరాటంలో వస్తే కత్తులు ఉంటాయి, లేకపోతే లేవు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికులతో సుమారు 3 వేల మంది దళం ఏర్పడింది, జర్మన్ లెక్కలో 950వ పదాతి రెజిమెంట్. ఈ పతకాలు వాళ్ళకూ, వాళ్ళతో పనిచేసిన జర్మన్లకూ ఉద్దేశించినవి. ఆ దళం పుట్టుకలో పాలుపంచుకుని, 1943 ఫిబ్రవరిలో కీల్ నుంచి యు-180 జలాంతర్గామిలో బోస్ వెంట బయలుదేరిన ఏకైక భారతీయ సహచరుడు హైదరాబాదు మనిషి ఆబిద్ హసన్ సఫ్రానీ. జై హింద్ అన్న పలకరింపు ఆయనదే అంటారు. కనుక ఇలాంటి పెట్టె హైదరాబాదులోనో మద్రాసులోనో బయటపడితే చేతులు వణకడం సహజం. ఇక్కడే చిక్కు. ఈ పతకాలు కొట్టింది వియన్నాలోని రుడాల్ఫ్ సౌవాల్ సంస్థ. యుద్ధం ముగిశాక కూడా ఆ సంస్థ పాత పతకాలను మళ్ళీ కొట్టి సేకర్తలకు అమ్మిందన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. అదే ఊరు, అదే దుకాణం, అదే చేతిపని, కొన్నిటికి అవే అచ్చులు. జర్మన్ పతకాల తయారీదార్ల సంఘం 1941 నుంచి ఒక్కో సంస్థకు ఒక్కో గుర్తు ఇచ్చింది. సౌవాల్ గుర్తు ఎల్/58. ఆ గుర్తు కొట్టే అచ్చు యుద్ధం తర్వాత ఎక్కడికీ పోలేదు. కనుక ఇక్కడ ముద్ర ఉండటం దేన్నీ నిరూపించదు.

ముద్ర ఒక్కటే చాలదన్న సంగతి మనలికి కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితర్ పడుచుదనం గడిచింది ఈ ఊళ్ళోనే. మనలి ముదలియార్ల పిలుపు మీద తండ్రి రామస్వామి దీక్షితర్ తిరువారూరు నుంచి కుటుంబంతో ఇక్కడికి వచ్చాడు. ముత్తుస్వామి కృతుల్లో గురుగుహ ముద్ర ఉంటుంది. ఆ వంశంవాడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఆయనవి 229 కృతులున్నాయి. ఆ తర్వాత వచ్చిన పుస్తకాలతో లెక్క 400 దాటింది. అదనంగా వచ్చినవాటిలోనూ గురుగుహ ముద్ర ఉంది. అవన్నీ ఆయనవేనా అని విద్వాంసులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఎందుకంటే ముద్ర ఎవరైనా పెట్టగలరు. రాగలక్షణం, పదాల పోకడ, శిష్యపరంపరలో పాఠం ఎవరినుంచి ఎవరికి వచ్చింది, ఇవన్నీ కలిస్తేనే తీర్పు. పతకంలో పరంపర అంటే ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారిన లెక్క, ఆ లెక్కకు దన్నుగా నిలిచే కాగితం. సౌవాల్ పతకం విషయంలో మిగిలేది అదొక్కటే.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఇప్పుడు ఎక్స్‌రే యంత్రాలున్నాయి, లోహంలో ఏముందో క్షణంలో చెబుతాయి, ఇక కాగితం ఎందుకు అని. యంత్రం చెప్పేది ఇందులో ఇంత రాగి, ఇంత జింకు అని. 1943లోనూ 1955లోనూ అదే ఊళ్ళో అదే పాళ్ళలో కలిపితే యంత్రం ఏం చేస్తుంది? పూర్తిగా కొత్త నకలును అది పట్టిస్తుంది, పన్నెండేళ్ళ తేడాను పట్టించదు. రెండోది బరువైన అభ్యంతరం. పేద సిపాయి కుటుంబం కాగితాలు దాచుకోదు, ఇంత కఠినంగా ఉంటే నిజమైనవాటిని కూడా తోసేస్తామని. దీనికి నా జవాబు, తోసెయ్యడం వేరు, తేలలేదనడం వేరు. అసలు, నకిలీ అన్న రెండు అరలే ఉన్నాయని ఎవరు చెప్పారు? మూడో అర ఒకటి పెట్టుకుని, అందులో ఎక్కువ వస్తువులు ఉండిపోతే సిగ్గుపడనక్కర్లేదు. అమ్మేవాడికి ఆ అర గిట్టదు. చరిత్రకు మాత్రం అది నిజాయితీ గల చోటు. మూడో అభ్యంతరం ఆజాద్ హింద్ పెట్టెలకే ప్రత్యేకం. బ్రిటిష్‌వాళ్ళకు భయపడి కాగితాలు తగలబెట్టారు, అందుకే లేవు అంటారు. వినడానికి సబబుగానే ఉంది. తిరిగొచ్చిన ఆ సైనికులను విచారించి తెల్ల, బూడిద, నల్ల వర్గాలుగా విడదీసిన మాట నిజం. కానీ భయపడి కాగితం కాల్చినవాడు దానికన్నా పెద్ద రుజువైన పతకాన్ని మఖమల్ పెట్టెతో సహా ఎందుకు దాచాడు? ఖైదీల శిబిరాలు, తనిఖీలు, ఓడ ప్రయాణం దాటుకుని కాగితం రాలేకపోయిన దారిలో అంత పెట్టె ఎలా వచ్చింది? ఇలాంటి కథలో పెట్టె ఎంత బాగుంటే కథ అంత కుంటుతుంది. మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో 1944 ఏప్రిల్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ జెండా ఎత్తిన కల్నల్ షౌకత్ మాలిక్‌కు సర్దార్-ఎ-జంగ్ బిరుదు వచ్చిందన్నది చరిత్ర. ఆ బిరుదు నిలబడటానికి ఎవరి పెట్టే అక్కర్లేదు.

కాగితం అన్నప్పుడు అది ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియాలి. పతకంతో పాటు ఇచ్చే ధ్రువపత్రం ఒకటి, సైనికుడి జీతం పుస్తకంలో రాసే వరస ఒకటి. రెండింటిలోనూ పేరు, దళం, తేదీ ఉంటాయి. మొదటి యుద్ధపు ప్రష్యన్ సైన్యం రికార్డులు చాలావరకు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద పడిన బాంబులకు బూడిదయ్యాయి. నౌకాదళం రికార్డులు వేరేచోట ఉండి బతికాయి. అంటే మామూలు సిపాయి శిలువకన్నా ఎమ్డెన్ నావికుడి శిలువకే రుజువు దొరికే అవకాశం ఎక్కువ. అదీగాక ఆ ఓడలో బతికినవాళ్ళకు తమ ఇంటిపేరు చివర ఎమ్డెన్ అని చేర్చుకునే హక్కు వచ్చింది, పిల్లలకూ అది సంక్రమించింది. పతకాన్ని దొంగిలించవచ్చు, ఆ ఇంటిపేరును దొంగిలించడం కష్టం. రెండో యుద్ధపు పత్రాలు జర్మన్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. పేరూ పుట్టినతేదీ తెలిస్తే రాసి అడగవచ్చు. పేరే తెలియని పెట్టెకు అక్కడా దారి లేదు. కాగితాన్నీ నకలు చెయ్యవచ్చు కదా అంటారు. చెయ్యవచ్చు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. కానీ ఇంట్లో ఉన్న కాగితాన్ని సృష్టించగలిగినవాడు కూడా, పరాయిదేశపు రికార్డు గదిలో దానికి జతపడే వరసను సృష్టించలేడు. అందుకే రెండు చోట్లా ఒకే మాట కనబడినప్పుడే పతకం ఫలానా మనిషిదని రాయాలి.

ఇక్కడో మాట. 1939 శిలువ మధ్యలో ఉన్న స్వస్తిక్ మన గడప మీద పసుపుతో వేసేదాన్ని గుర్తు చేసి, మన దేశంలో కొందరికి అది ముచ్చటైన వస్తువుగా కనిపిస్తుంది. అది హిట్లర్ రాజ్యం ఇచ్చిన పతకం. 1957లో పశ్చిమ జర్మనీ చట్టం చేసి, ఆ గుర్తు తీసేసిన రూపంలోనే వాటిని ధరించనిచ్చింది. అలా స్వస్తిక్ లేకుండా చేసినవీ అసలువే, కాకపోతే 1957 తర్వాతవి. వాటిని యుద్ధకాలపువిగా అమ్మితే అప్పుడు అవి నకిలీ అవుతాయి. వస్తువు మారలేదు, దాని గురించి చెప్పిన మాట మారింది.

అలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే దయచేసి పతకాన్ని బ్రాసోతో తోమకండి, రిబ్బన్ ఉతక్కండి, పాడైన మఖమల్ మార్చకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే అది ఎవరి చేతినుంచి ఎప్పుడు వచ్చిందో వాళ్ళ మాటల్లోనే ఒక కాగితం మీద రాయించి, తేదీ వేసి, సంతకం తీసుకుని, ఆ పెట్టెలోనే పెట్టండి.